రామిప్రిల్ గెలిచింది, విటమిన్ ఈ ఓడింది

శ్రోతలందరికీ నమస్కారం అండి. ఈ రోజు గుండె మందుల గురించి మాట్లాడుకుందాం, ముఖ్యంగా చాలా ఇళ్ళల్లో పొద్దున్నే వేసుకునే రామిప్రిల్ అనే బీపీ మాత్ర గురించి. అది బీపీ ఒక్కటే తగ్గిస్తుంది అనుకుంటాం కదా, దాని పని అంతటితో ఆగదు.

గుండె రోజుకి దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది. అంత పనికి కావాల్సిన శక్తి ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది, 1929లో ఆ ఏటీపీని కనుక్కున్న వాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, ఆయన్ని తలుచుకోకుండా ముందుకి పోబుద్ధి కావట్లేదు. గుండె కణంలో ఏటీపీ ఎక్కువగా తయారయ్యేది మైటోకాండ్రియా అనే బుల్లి భాగాల్లో, కణంలో దాదాపు మూడో వంతు చోటు వాటిదే. అక్కడ ఆక్సిజన్ వాడేటప్పుడు కాసిని ఫ్రీ రాడికల్స్, అంటే పక్కవాటిని దెబ్బతీసే చురుకైన అణువులు, పుడతాయి. కొద్దిగా అయితే కణం తన ఎంజైములతో తనే సర్దుకుంటుంది, మితిమీరితే మాత్రం కణం పైపొర, ప్రోటీన్లు, డీఎన్ఏ అన్నీ దెబ్బతింటాయి, దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. పోయిన గుండె కణాల చోట కొత్తవి రావడం చాలా తక్కువండి, పెద్ద వయసులో ఏడాదికి 1 శాతం కూడా ఉండదు.

మరి ఈ ఫ్రీ రాడికల్స్‌ని అణిచే యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకుంటే పోలా? 1990ల్లో డాక్టర్లు కూడా అలాగే ఆశపడ్డారు. కేరళలో పుట్టి కెనడాలో పనిచేస్తున్న డాక్టర్ సలీం యూసుఫ్ గారు నడిపిన హోప్ ట్రయల్ దీన్ని తేల్చింది. 55 ఏళ్ళు దాటి, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న 9 వేల మందికి పైగా తీసుకుని, యాంటీఆక్సిడెంట్ అయిన విటమిన్ ఈని, మన రామిప్రిల్‌ని ఒకే ట్రయల్‌లో పరీక్షించారు. 2000లో ఫలితాలొచ్చాయి. విటమిన్ ఈ వల్ల గుండెకి ఏ లాభమూ లేదు, తర్వాత ఇంకొన్నేళ్ళు చూస్తే హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె సరిగ్గా పంప్ చెయ్యలేకపోవడం, కాస్త పెరిగినట్టు కూడా కనపడింది. రామిప్రిల్ వేసుకున్నవాళ్ళలో మాత్రం హార్ట్ ఎటాక్, పక్షవాతం, గుండెజబ్బు చావులు కలిపి చూస్తే సుమారు 22 శాతం తగ్గాయి!

ఎందుకలా? మన ఒంట్లో యాంజియోటెన్సిన్ 2 అని ఒక హార్మోన్ ఉంది, అది రక్తనాళాల్ని బిగిస్తుంది, పైగా నాళాల గోడల్లో, గుండె కణాల్లో ఫ్రీ రాడికల్స్‌ని పుట్టించే ఒక ఎంజైమ్‌ని రెచ్చగొడుతుంది. రామిప్రిల్ ఆ యాంజియోటెన్సిన్ తయారీనే తగ్గిస్తుంది. ఇంట్లో పొగ నిండితే విసనకర్రతో విసురుతూ కూర్చోవచ్చు, లేదంటే పొయ్యిలోంచి పచ్చికట్టె లాగెయ్యొచ్చు, రామిప్రిల్ చేసేది రెండోది. అయితే ఆ లాభమంతా ఫ్రీ రాడికల్స్ తగ్గడం వల్లే అని చెప్పలేం, బీపీ తగ్గడం, గుండె మీద భారం తగ్గడం కూడా అందులో ఉన్నాయి. ఫ్రీ రాడికల్స్ సంగతి ఎక్కువగా ల్యాబుల్లో, జంతువుల మీద చూసి తెలుసుకున్నదే.

ఈ మందుతో కొందరికి పొడిదగ్గు వస్తుంది, దాంతో విసుగొచ్చి చెప్పకుండా మానేస్తారు, దయచేసి అలా చెయ్యకండి. డాక్టర్‌కి చెబితే టెల్మిసార్టాన్ అనే ఇంకో బీపీ మందుకి మార్చొచ్చు, 2008లో వచ్చిన ఆన్‌టార్గెట్ ట్రయల్‌లో అది రామిప్రిల్‌కి ఏమాత్రం తీసిపోలేదు, దగ్గు కూడా బాగా తక్కువ. రెండిట్లో ఏది వాడినా అప్పుడప్పుడు రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోవాలి, గర్భిణులు మాత్రం ఈ రెండూ వాడకూడదు.