ఆలివ్ నూనె, ద్రాక్ష గింజల నూనె: మూకుడు అంచున కనిపించిన సంగతి

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం నాలుగు మాటలు చెప్పమని అడిగినప్పుడు, "పిన్నిగారూ, ఆలివ్ ఆయిల్ మంచిదా, గ్రేప్‌సీడ్ ఆయిల్ మంచిదా, ఒక్క ముక్కలో చెప్పేయండి చాలు" అన్నారు ఇక్కడి అమ్మాయిలు. సరే, ఆ ఒక్క ముక్క ముందే చెప్పేస్తాను. రోజూ పోపుకీ, కూరకీ, పచ్చడికీ ఆలివ్ నూనె మేలు. ద్రాక్ష గింజల నూనె విషమేమీ కాదు. కానీ మనవాళ్లలో చాలామంది దాన్ని గారెలూ బజ్జీలూ వేయించడానికని కొంటున్నారు. సరిగ్గా ఆ పనికే అది తగదు. ఎందుకు తగదో చెప్పడానికే మిగతా సమయం తీసుకుంటాను.

గుంటూరులో చాలా ఏళ్లు హోం సైన్స్ పాఠాలు చెప్పాను. అయినా ఈ విషయం నాకు కళ్లకు కట్టింది మాత్రం ఇక్కడ డాలస్‌లో, మా అమ్మాయి వంటింట్లోనే. సంక్రాంతికి అరిసెలు, గారెలు వండాం. నూనె పెద్ద సీసాలో తెచ్చింది, ద్రాక్ష గింజలది. పండగ అయ్యాక మిగిలిన నూనె వడగట్టి దాచింది. తర్వాతి వారం అందులోనే పకోడీలు, ఆ పై వారం అప్పడాలు. మూడోసారికి నూనె చిక్కబడి, పైన నురగ కట్టింది. మూకుడు అంచు చుట్టూ పచ్చటి జిగురు పట్టింది. స్టీలు పీచుతో తోమినా వదల్లేదు. "పొగ రాదని సీసా మీద రాశాడు కదమ్మా, అందుకే కొన్నాను" అంది.

అదే ఇంట్లో దోసెలకి ఇనుప పెనం ఒకటి ఉంది. కొత్తలో దాన్ని ఎలా వాడుకలోకి తెచ్చావని అడిగాను. ఇక్కడ చాలామంది చేసేదే తనూ చేసిందట. ద్రాక్ష గింజల నూనె పల్చగా రాసి, ఓవెన్‌లో బాగా వేడి చేసి, మళ్లీ రాసి, మళ్లీ వేడి చేసిందట. పెనం నల్లగా నిగనిగలాడుతోంది, దోసె అంటుకోకుండా లేస్తోంది. ఆ పెనాన్నీ ఈ మూకుడునీ పక్కపక్కన పెట్టి చూపించాను. రెండింటి మీదా ఉన్నది ఒకే పదార్థం. వేడికి నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, అణువులు ఒకదానికొకటి అతుక్కుని పూతలా గట్టిపడటం అన్నమాట. పెనం మీద అది మనకి కావలసిన గుణం. గారెల మూకుట్లో అదే గుణం మనకి చెరుపు.

ఇలా ఎందుకు అవుతుందంటే, ద్రాక్ష గింజల నూనెలో సుమారు 70 శాతం లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఉంటుంది. దాని కార్బన్ గొలుసులో రెండు ద్విబంధాలు, అంటే రెండు జంట ముడులు. ఆ రెండింటి మధ్య ఉన్న చోటు చాలా బలహీనం, ఆక్సిజన్ అక్కడే పట్టుకుంటుంది. ఆలివ్ నూనెలో మాటవరసకి 70 శాతం దాకా ఓలిక్ ఆమ్లం. దానికి ఒకటే ద్విబంధం, కాబట్టి ఆ బలహీనమైన చోటు అసలు ఉండదు. లినోలిక్ ఆలివ్‌లో సాధారణంగా 10 శాతం అటూ ఇటూ. తేడా అంతా ఇక్కడే పుడుతుంది.

మరి సీసా మీద పొగ లెక్క అబద్ధమా? కాదు. శుద్ధి చేసిన ద్రాక్ష గింజల నూనె 215 డిగ్రీల సెల్సియస్ దగ్గర పొగ వదులుతుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె రకాన్ని బట్టి 190, 210 మధ్య. ఆ లెక్కన ద్రాక్ష గింజలదే గెలుపు. కానీ పొగ లెక్క చెప్పేది నూనె ఏ వేడికి కంటికి కనిపించేలా మాడుతుందన్నది మాత్రమే. పొగ రాకముందే, కంటికి కనపడకుండా నూనె ఎంత చెడుతోందో అది చెప్పదు. పైగా మన ఇళ్లలో గారెలు వేగేది 170, 180 డిగ్రీల దగ్గర. రెండు నూనెలూ ఆ వేడికి పొగ వదలవు. అంటే ఏ అంకె చూసి మనం కొంటున్నామో, ఆ అంకె మన వంటకి అక్కరే రాదు.

2018లో ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష చేశారు. పది రకాల నూనెల్ని 180 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంచి, వాటిలో ఎంత చెడు పదార్థం తయారైందో కొలిచారు. అన్నిటికన్నా తక్కువ చెడింది ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె. ద్రాక్ష గింజల నూనె బాగా వెనకబడింది. పొగ లెక్కకీ ఆ ఫలితాలకీ పొంతన కుదరలేదు. ఒక సంగతి దాచకుండా చెప్పాలి, ఆ పరీక్ష చేసిన ప్రయోగశాల ఆలివ్ పరిశ్రమకి చెందినదే. అందుకని నేను దాన్ని ఒక్కదాన్నే నమ్మమనను. కానీ రసాయనశాస్త్రం చెప్పేదీ అదే, మా మూకుడు చెప్పిందీ అదే.

స్పెయిన్ దక్షిణాన ఆండలూసియాలో చేపముక్కలకి పిండి అద్ది వేయించేది ఆలివ్ నూనెలోనే. తరాలుగా అలాగే చేస్తున్నారు. "ఆలివ్ ఆయిల్ వేడి చేస్తే విషం అవుతుందట కదా" అని నన్ను ఎంతమంది అడిగారో చెప్పలేను. కాదండీ. ధర భరించగలిగితే వేయించుకోవచ్చు.

ఇక ఈ నూనెలు ఎలా వస్తాయో చూద్దాం. ఆలివ్ అనేది పండు. పండునే నలిపి, ముద్ద చేసి, నీరూ నూనే వేరుచేస్తారు. ఎక్స్‌ట్రా వర్జిన్ అంటే ఇంతకు మించి ఏ రసాయనమూ తగలనిది, ఆమ్లత 0.8 శాతం దాటనిది, రుచిలో లోపం లేనిది. యూరప్‌లో సీసా మీద చల్లగా తీసింది అని రాయాలంటే 27 డిగ్రీలు దాటకుండా తీయాలి. మన గానుగ పద్ధతికి ఇది దగ్గర చుట్టం.

ద్రాక్ష గింజ సంగతి వేరు. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో వైన్ తీశాక తొక్కా గింజా మిగులుతాయి. ఆ గింజల్ని ఆరబెట్టి నూనె తీస్తారు. వృథాగా పోయేది వాడుకలోకి రావడం నాకు ఇష్టమైన విషయమే. కాకపోతే గింజలో నూనె తక్కువ, వందకి పది నుంచి ఇరవై పాళ్లు. గానుగాడితే గిట్టుబాటు కాదు కాబట్టి చాలావరకు హెక్సేన్ అనే ద్రావకంతో లాగి, తర్వాత శుద్ధి చేసి, రంగూ వాసనా తీసేస్తారు. మీరు కొనే లేత రంగు నూనె, ఏ రుచీ లేని నూనె, అలా వచ్చిందే. గింజల్ని నేరుగా పొగ తగిలేలా ఆరబెడితే బెంజోపైరీన్ లాంటి, కాలడం వల్ల పుట్టే హానికర పదార్థాలు చేరతాయి. యూరప్‌లో దానికి పరిమితి పెట్టారు. ఆలివ్‌కి ఈ బెడద లేదనుకోకండి. 2001లో స్పెయిన్‌లో ఆలివ్ పిప్పి నుంచి తీసిన నూనెలో అదే పదార్థం దొరికి, అమ్మకాలు ఆపేశారు. ఆలివ్ సీసా మీద పోమస్ అని ఉంటే అది పిప్పి నూనె. దాన్నీ ఎక్స్‌ట్రా వర్జిన్‌నీ ఒక గాటన కట్టకండి.

ఇక్కడ ఒక పొరపాటు గురించి కాస్త గట్టిగా చెప్పాలి. "ద్రాక్ష గింజలో యాంటీ ఆక్సిడెంట్లు బోలెడట కదా" అంటారు. నిజమే, గింజలో ఉన్నాయి. కానీ అవి నీటిలో కరిగేవి, నూనెలోకి రావు. గింజ చెక్కలోనే ఉండిపోతాయి. నువ్వుల నూనె తీశాక తెలగపిండిలో ఎంత సారం మిగులుతుందో మనకి తెలియనిదా? మాత్రల రూపంలో అమ్మే ద్రాక్ష గింజల సారం వేరు, ఈ నూనె వేరు. ఆ మాత్రల మీద చెప్పే గొప్పలు ఈ సీసాకి చెల్లవు. దీనిలో నిజంగా ఉన్నది విటమిన్ ఇ. వంద గ్రాములకి 28 మిల్లీగ్రాముల పైన, ఆలివ్‌కి రెట్టింపు. అది ఒప్పుకోవాలి.

ఆలివ్‌లో మాత్రం పాలీఫెనాల్స్ అనే యాంటీ ఆక్సిడెంట్లు కొన్ని నూనెతో పాటే వస్తాయి. మంచి ఎక్స్‌ట్రా వర్జిన్ ఒక చెంచా ఊరికే నాలుక మీద వేసుకుంటే గొంతులో ఘాటుగా గుచ్చుతుంది, దగ్గు వస్తుంది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థకి చెందిన గ్యారీ బోషాంప్ అనే శాస్త్రవేత్త సిసిలీలో తాజా నూనె రుచి చూసి, ఈ ఘాటు ఇబుప్రొఫెన్ మందు ఘాటులాగే ఉందే అని గుర్తుపట్టారు. దాని వెంట పడితే ఓలియోకాంథాల్ అనే పదార్థం బయటపడింది, 2005లో ప్రచురించారు. ఇబుప్రొఫెన్ అడ్డుకునే ఎంజైముల్నే అదీ అడ్డుకుంటుందని తేలింది. అలాగని తలనొప్పికి ఆలివ్ నూనె తాగమని కాదు, మోతాదు చాలా తక్కువ. గొంతులో ఘాటు తగిలితే నూనె పాడైందనుకుని పారేయకండి, అది తాజాదనానికి గుర్తు.

ఆరోగ్యం విషయంలో ఆలివ్ నూనెకి ఉన్నంత సాక్ష్యం ద్రాక్ష గింజల నూనెకి లేదు. స్పెయిన్‌లో ప్రెడిమెడ్ అని ఒక పెద్ద అధ్యయనం జరిగింది. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 7447 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి మధ్యధరా తిండితో పాటు ఇంటికి వారానికో లీటరు ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె, ఒక జట్టుకి గింజపప్పులు, మూడో జట్టుకి కొవ్వు తగ్గించమనే సలహా. సుమారు అయిదేళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం కలిపి చూస్తే సలహా జట్టులో 109 మంది, ఆలివ్ జట్టులో 96 మంది, గింజపప్పుల జట్టులో 83 మంది. జట్ల మధ్య ఉన్న ఇతర తేడాల్ని సర్దుబాటు చేసి లెక్కిస్తే ముప్పు దాదాపు 30 శాతం తగ్గిందన్నారు. 2013లో వచ్చిన ఆ వ్యాసాన్ని మనుషుల్ని జట్లకి పంచడంలో లోపాలున్నాయని వెనక్కి తీసుకుని, లెక్కలు సరిచేసి 2018లో మళ్లీ వేశారు. ఫలితం ఇంచుమించు అదే. గింజపప్పుల జట్టు కూడా బాగుపడింది చూశారా? నూనె ఒక్కటే మందు కాదు, వాళ్లు తిన్న కూరగాయలూ పప్పులూ చేపలూ కూడా లెక్కలో ఉన్నాయి.

అలాగని ఒమేగా-6 కొవ్వులంటే (లినోలిక్ ఆ రకమే) భయపెట్టే వీడియోలు చూసి టెన్షన్ పడకండి. లినోలిక్ ఆమ్లం శరీరం తనంతట తాను చేసుకోలేదు, తిండిలో రావలసిందే. నెయ్యి, వెన్న, పామాయిల్ తగ్గించి ఆ చోట ఇలాంటి నూనె వాడితే చెడు కొలెస్టరాల్ తగ్గుతుంది. 2009లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఒమేగా-6 మానవద్దనే చెప్పింది. నా గొడవ లినోలిక్ తినడంతో కాదు. దాన్ని మూకుట్లో గంటల తరబడి కాచి, వారాల తరబడి మళ్లీ వాడటంతో.

అందుకని ద్రాక్ష గింజల నూనె ఇప్పటికే కొని ఉంటే పారబోయకండి. రుచి అడ్డురాదు కాబట్టి సలాడ్‌లో, కేకులో, ఒకసారి పోపులో వాడండి. చిన్న సీసా కొనండి, తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టండి. ఆలివ్ నూనె నల్లటి గాజు సీసాలో ఉన్నది, కాయ కోసిన తేదీ వేసినది చూసి కొనండి. పొయ్యి పక్కన పెట్టవద్దు. తెరిచాక రెండు మూడు నెలల్లో అయిపోవాలి. లైట్ అని ఉంటే కేలరీలు తక్కువని కాదు, రంగూ రుచీ తక్కువని. ఏ నూనె అయినా ఒక టేబుల్ స్పూన్‌కి 120 కేలరీలే. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల తిండికి రోజుకి 27 గ్రాముల నూనె, కొవ్వు అంటోంది. అంటే రెండు టేబుల్ స్పూన్లు. ముందు అది కొలవండి, సీసా పేరు తర్వాత.

ఇంకొక మాట. ద్రాక్ష గింజల నూనె మనకి పూర్తిగా కొత్తదేమీ కాదు. మన కుసుమ నూనెలో లినోలిక్ కూడా 75 శాతం దగ్గర ఉంటుంది, ఇంచుమించు దీనికి జోడీ. అలాగే వేరుశనగ నూనెలో దాదాపు సగం ఓలిక్. ఆలివ్ ధర మోయలేని ఇంట్లో మంచి వేరుశనగ నూనె వాడుకుంటూ బాధపడాల్సిన పనే లేదు.

మొన్న ఒకావిడ ఫోన్ చేసి, "ఆవకాయలో ఆలివ్ ఆయిల్ పోస్తే ఎలా ఉంటుందండీ?" అని అడిగారు. ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడుతుంది, దాని చేదూ ఘాటూ ఆవపిండితో పోట్లాడతాయి. ఆవకాయకి నువ్వుల నూనే. దానిలో 40 శాతం దాకా లినోలిక్ ఉన్నా, సెసమిన్, సెసమోల్ వంటి యాంటీ ఆక్సిడెంట్లు కాపలా కాస్తాయి కాబట్టి ఏడాది నిలవ ఉంటుంది. ఇండియన్ షాపులో దొరుకుతుంది. కొనేముందు సీసా వెనక తయారీ తేదీ ఒకసారి చూసుకోండి.