లేచి నిలబడ్డాక బీపీ ఎంత?

హోస్ట్: డాక్టర్ గారూ, మొన్న తెల్లవారుజామున మా నాన్నగారు బాత్రూమ్‌కి వెళ్దామని లేచి, కళ్లు తిరిగి గోడ పట్టుకుని కూలబడిపోయారు. తర్వాత బీపీ చూస్తే 130/80. మరి కళ్లెందుకు తిరిగినట్టు?

డాక్టర్: కూర్చోబెట్టి చూశారా?

హోస్ట్: అవునండీ.

డాక్టర్: అందుకే తెలియలేదు. పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి, బీపీ పడబోతుంది. మెడలో మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళాల గోడల్లో దీన్ని కనిపెట్టే నరాలున్నాయి. అవి కబురు పంపగానే రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె నిమిషానికి 10, 20 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. కుర్రవాళ్లకు ఇదంతా జరిగినట్టే తెలియదు. వయసు మీదపడ్డాక, అందులోనూ చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకు, ఆ నరాలు మందగిస్తాయి.

హోస్ట్: నాన్నగారికి షుగర్ ఉంది. కానీ పల్స్ 68 ఉందని ధైర్యంగా ఉన్నాం.

డాక్టర్: బీపీకి ఏం వాడుతున్నారు?

హోస్ట్: అటెనొలాల్.

డాక్టర్: ఆ మాత్ర పనే గుండె వేగాన్ని అదుపులో పెట్టడం. బీపీ పడిపోయినా పల్స్ పెద్దగా పెరగదు. కాబట్టి ఆయన విషయంలో 68 చూసి నిశ్చింతగా ఉండకండి. ప్రోస్టేట్‌కి మాత్ర గానీ, మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర గానీ ఉంటే అదీ చెప్పాలి. నిలబడ్డప్పుడు అవి కూడా బీపీని తగ్గిస్తాయి.

హోస్ట్: మరి ఇంట్లో ఎలా చూడాలి?

డాక్టర్: 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడండి. లేచి నిలబడ్డాక 1వ నిమిషంలో, 3వ నిమిషంలో మళ్లీ చూడండి. చెయ్యి వేలాడకుండా గుండె ఎత్తులో ఉండాలి, చూసేటప్పుడు మాట్లాడకూడదు. పక్కన మనిషి తప్పనిసరి. పడుకున్నప్పటికంటే పై అంకె కనీసం 20 గానీ, కింది అంకె కనీసం 10 గానీ తగ్గితే ఆ అంకెలన్నీ రాసుకుని ఆయన డాక్టర్‌కి చూపించండి.

హోస్ట్: ఈలోగా మాత్ర ఆపేయమంటారా?

డాక్టర్: వద్దు, దయచేసి సొంతంగా ఆపకండి. అటెనొలాల్ హఠాత్తుగా మానేస్తే గుండెకు ప్రమాదం. పూర్తిగా స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా ఇంట్లో బీపీ చూస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రాత్రి లేచినప్పుడు ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు ఆడించి, అప్పుడు నిలబడమనండి. లైటు స్విచ్ ఆయన చేతికందుతుందా?

హోస్ట్: లేదండీ, తలుపు దగ్గరుంది.

డాక్టర్: అయితే ఈ రాత్రే మంచం పక్కన ఒక లైటు పెట్టండి.