పెద్దయ్యాక ఫ్రీస్టైల్: ఏ పరికరం నిజంగా పనికొస్తుంది?

అందరికీ నమస్కారం. పెద్దవయసులో ఫ్రీస్టైల్ ఈత (బోర్లా ఉండి చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ ఈదేది) మొదలుపెట్టిన వారికి పూల్ దగ్గర ఎవరో ఒకరు ఏదో ఒకటి కొనమని చెబుతూనే ఉంటారు. వాటిలో నాలుగింటిని ఈ రోజు చూద్దాం.

ముందు గాగుల్స్. పట్టీ తగిలించకుండా కళ్లకు మెల్లగా అదిమి చేయి తీసేయండి. క్షణమైనా అతుక్కుని ఉంటే మీ ముఖానికి సరిపోయినట్టే. అద్దం లోపలి వైపు వేలితో రుద్దకండి, ఆవిరి పట్టకుండా వేసిన పూత పోతుంది.

ఇక కిక్‌బోర్డు, అంటే చేతులతో పట్టుకుని కాళ్లు తన్నడానికి వాడే తేలే పలక. చాలామందికి మొదట చేతికిచ్చేది ఇదే. ఫ్రీస్టైల్ కోసమైతే నేను దీనికి ఎక్కువ మార్కులు వేయను. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కాబట్టి ఛాతీ తేలుతుంది, కాళ్లు దిగిపోతాయి. తల దించి అడుగున ఉన్న గీతను చూస్తే తుంటి పైకి వస్తుంది. బోర్డు పట్టుకున్నవారు తల ఎత్తుతారు, నడుము మునుగుతుంది. వాడక తప్పకపోతే ముఖం నీళ్లలో పెట్టి వాడండి.

నాకు బాగా నచ్చినవి పొట్టి ఫిన్స్, అంటే పాదాలకు తొడుక్కునే చిన్న రెక్కలు. పెద్దవాళ్లలో చాలామందికి చీలమండ బిగుసుకుని ఉంటుంది, పాదం వెనక్కి చాచుకోదు. అందుకే ఎంత తన్నినా ముందుకు కదలరు, కొందరు వెనక్కి కూడా వెళతారు! ఫిన్స్ వేసుకుంటే మోకాలితో కాకుండా తుంటి నుంచి తన్నడం తెలుస్తుంది. వేగం వస్తుంది, ఒళ్లు పైకి తేలుతుంది, ఊపిరి గురించి ఆలోచించే తీరిక దొరుకుతుంది. అయితే ప్రతి ల్యాపూ వీటితోనే ఈదకండి.

స్నార్కెల్, అంటే ముఖం నీళ్లలో ఉండగానే నోటితో గాలి పీల్చుకునే గొట్టం, మంచిదే. తల తిప్పే పని లేకుండా చేయి నీళ్లలోకి ఎలా దిగుతోందో చూసుకోవచ్చు. కానీ పెద్దవాళ్లను ఆపేది ఊపిరే, దాన్ని ఇది నేర్పదు. సగం ల్యాపుకే ఆయాసం వస్తే, చాలాసార్లు కారణం లోపలి గాలిని వదలకుండా బిగబట్టడమే. కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి గాభరా పుడుతుంది. గోడ పట్టుకుని, ముఖం ముంచి, బుడగలుగా గాలి వదలండి. తర్వాత ఒక గాగుల్ నీళ్లలోనే ఉండేలా పక్కకు తిరిగి పీల్చండి. ఒక్క జాగ్రత్త: గబగబా శ్వాస తీసి, ఆపై నీటి అడుగున బిగబట్టే పందేలు వద్దు. ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పవచ్చు.

గోడ దగ్గర ఊపిరి నిలకడగా ఆడుతుంటే అప్పుడు స్నార్కెల్ సంగతి చూడండి.