ప్రాసెస్ సర్టిఫికెట్ ఉంటే సాఫ్ట్‌వేర్ బాగుంటుందా?

అందరికీ నమస్కారం.

చాలా ఏళ్ళ కిందటి ఒక రాత్రి గురించి చెప్పి మొదలుపెడతాను. రాసిపెట్టుకున్న పద్ధతి (ప్రాసెస్) ప్రకారమే పని చేస్తున్నామని సర్టిఫికెట్ ఇచ్చే ముందు జరిగే తనిఖీకి, అంటే మా ప్రాజెక్టు ఆడిట్‌కు, ఇంకా నాలుగు రోజులే ఉంది. నేనూ, మరో ఇద్దరు సహోద్యోగులూ కూర్చుని, అసలు జరగని రివ్యూ మీటింగులకు మినిట్స్ రాస్తున్నాం. ఏ తేదీన ఎవరెవరు వచ్చారు, ఏ లోపాలు దొరికాయి, వాటిని ఎవరు సరిచేశారు, అన్నీ రాశాం. ఒక్క లోపమూ దొరకలేదంటే ఆడిటర్‌కు అనుమానం వస్తుందని, ఒక్కో రివ్యూలో రెండు మూడు చిన్న లోపాలు దొరికినట్టు కల్పించాం.

అదే ప్రాజెక్టులో అప్పటికే ఒక నిజమైన లోపం ఉంది. ఇద్దరు ఒకే రికార్డును ఒకేసారి మారిస్తే, ఒకరు చేసిన మార్పు ఏ హెచ్చరికా లేకుండా మాయమయ్యేది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. కానీ ఆడిట్ ముందు ఇంత పెద్ద లోపం నమోదు చేస్తే లెక్కలు పాడవుతాయన్న టెన్షన్. తర్వాత చూసుకుందాం అనుకున్నాం. అంటే లేని లోపాలు కాగితం మీద రాశాం, ఉన్న లోపాన్ని దాచిపెట్టాం. ఆడిట్‌లో మా మీద ఒక్క తప్పు కూడా రాయలేదు. సర్టిఫికెట్ వచ్చింది. ఆ లోపం మాత్రం కస్టమర్ దగ్గర బయటపడింది. పోయిన వివరాలను వాళ్ళ సిబ్బంది వారాల తరబడి చేత్తో మళ్ళీ ఎక్కించుకోవాల్సి వచ్చింది. ఆ పని చేసినవాళ్ళలో ఒకావిడ నాకు ఫోన్ చేసి, "ఇది మీకు ముందే తెలుసా అండీ?" అని అడిగారు. ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ప్రాసెస్ సర్టిఫికేషన్ సాఫ్ట్‌వేర్ నాణ్యతకు హామీ ఇస్తుందా అని అడిగితే, నా జవాబు ఆ రాత్రి నుంచే మొదలవుతుంది. సర్టిఫికెట్లన్నీ బూటకం అని చెప్పడానికి నేను రాలేదు. ప్రాసెస్ లేకుండా పనిచేసిన టీముల్లోనూ ఉన్నాను. ఎవరి కంప్యూటర్‌లో ఉన్న కోడ్ అసలైనదో ఎవరికీ తెలియని స్థితి చూశాను. అలాంటి చోట ప్రాసెస్ ఎంత మేలు చేస్తుందో నాకు తెలుసు. అయితే సర్టిఫికెట్ దేనికి సాక్ష్యం, దేనికి కాదు అన్నది విడివిడిగా చూడాలి.

ముందు ఇవి ఎక్కడ పుట్టాయో చూద్దాం. ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) వారి ఐఎస్ఓ 9000 వరుస ప్రమాణాలు 1987లో వచ్చాయి. అవి సాఫ్ట్‌వేర్ కోసం రాసినవి కావు, ఏ రంగంలోని ఏ సంస్థకైనా వర్తించేలా రాసినవి. వాటిలో సర్టిఫికెట్ ఇచ్చేది ఐఎస్ఓ 9001కి. ఐఎస్ఓ తానుగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, వేరే సంస్థలు వచ్చి ఆడిట్ చేసి ఇస్తాయి. సీఎంఎం (కేపబిలిటీ మెచ్యూరిటీ మోడల్), అంటే ఒక సంస్థ పనిచేసే పద్ధతి ఎంత పరిణతి చెందిందో కొలిచే నమూనా, దాని కథ వేరు. అమెరికా రక్షణ శాఖ నిధులతో 1984లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. ఐబీఎంలో 27 ఏళ్ళు పనిచేసిన వాట్స్ హంఫ్రీ 1986లో అందులో చేరారు. ఆయన వేసిన పునాది మీద 1991లో సీఎంఎం మొదటి రూపం వచ్చింది, తర్వాత అది సీఎంఎంఐగా మారింది. ఒకటి నుంచి ఐదు వరకు లెవెల్స్ అని మనం చెప్పుకునేవి ఇవే, ఐదు అన్నింటికంటే పైది.

ఈ పనిని కోరిన అమెరికా వైమానిక దళానికి అప్పట్లో కావలసింది కాంట్రాక్టర్లను ఎంచుకునే ఒక పద్ధతి. "ఈ సాఫ్ట్‌వేర్ బాగుందా?" అని వాళ్ళు అడగలేదు. "ఈ కాంట్రాక్టర్ ఒప్పుకున్న పనిని ఒప్పుకున్నట్టు చేయగలడా?" అని అడిగారు. ఈ రెండూ దగ్గరి ప్రశ్నలే కానీ ఒకటి కాదు. మొదటి ప్రశ్నకు రెండో ప్రశ్న జవాబును వాడుకోవడం దగ్గరే మనం పొరబడుతున్నాం.

ఇంకో విషయం కూడా కస్టమర్లు గమనించరు. సీఎంఎంఐ మదింపు ఒక సంస్థలోని ఒక విభాగానికి జరుగుతుంది, అందులోనూ ఎంపిక చేసిన కొన్ని ప్రాజెక్టులనే చూస్తారు. ఫలితం మూడేళ్ళు చెల్లుతుంది. ఆ మూడేళ్ళలో మనుషులు మారిపోతారు. రేపు మీ పని చేయబోయే టీమును ఆ రోజు ఎవరూ చూసి ఉండకపోవచ్చు.

ఇక ప్రాసెస్ ఎంతవరకు కాపాడుతుందో చూడటానికి ఒక ఉదాహరణ తీసుకుంటాను. 1996 జూన్ 4న యూరప్ దేశాల ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారి ఎగిరింది. 40 సెకన్లు కూడా గడవకముందే దారి తప్పి ముక్కలైపోయింది. రాకెట్ గమనాన్ని కొలిచే యూనిట్‌లోని సాఫ్ట్‌వేర్‌ను అంతకుముందు రాకెట్ ఏరియాన్ 4 నుంచి అలాగే తెచ్చుకున్నారు. అక్కడ అది చక్కగా పనిచేసింది. అందులో ఒకచోట, అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన 64 బిట్ల విలువను 16 బిట్లలోకి మార్చాలి. ఏరియాన్ 5 అడ్డంగా అందుకునే వేగం చాలా ఎక్కువ, కాబట్టి ఆ విలువ 16 బిట్లలో పట్టలేదు. యూనిట్ ఆగిపోయింది. తోడుగా పెట్టిన రెండో యూనిట్‌లోనూ అదే సాఫ్ట్‌వేర్, అది అంతకు క్షణం ముందే ఇదే కారణంతో ఆగిపోయింది. అసలు ఆ లెక్క చేసే భాగానికి ఏరియాన్ 5లో పైకి లేచాక చేయవలసిన పనే లేదు.

ఇది ఎవరో మరిచిపోయిన తప్పు కాదు. ఇలాంటి ప్రమాదం ఉన్న ఏడు విలువలను ముందే గుర్తించారు. ప్రాసెసర్ మీద భారం 80 శాతం దాటకూడదన్న లక్ష్యం ఉంది కాబట్టి, నాలుగింటికి రక్షణ పెట్టి మూడింటిని వదిలేశారు. ఆ మూడూ అంత పెద్ద విలువకు చేరవని తర్కించి, భాగస్వాములందరూ ఒప్పుకుని తీసుకున్న నిర్ణయం అది. ఏరియాన్ 4 విషయంలో ఆ తర్కం సరైనదే. ఏరియాన్ 5 ఎగిరే దారి వివరాలు మాత్రం ఆ యూనిట్ ఏం చేయాలో చెప్పే రిక్వైర్‌మెంట్లలో లేవు. లేనిదాన్ని రివ్యూ పట్టలేదు, టెస్టూ పట్టలేదు. రివ్యూలు జరిగాయి, సంతకాలు జరిగాయి. పత్రాలన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయి. అవన్నీ కలిసి వేరే రాకెట్‌కు సరిపోయాయి, అంతే.

ఆ ప్రమాదంపై వేసిన విచారణ బోర్డు నివేదికలో ఒక మాట నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఉందని తేలేవరకు అది సరైనదేనని అనుకునే ధోరణి ఆ కార్యక్రమంలో ఉండేదట. బోర్డు దానికి సరిగ్గా ఎదురు మాట చెప్పింది. సరైన పద్ధతులతో సరైనదని రుజువయ్యేదాకా సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఉందనే అనుకోవాలంది. మన ఆఫీసుల్లో సర్టిఫికెట్ చేసే హాని ఇక్కడే ఉంది. అది చేతికి రాగానే మనలోని అనుమానం చల్లారిపోతుంది. "మనది లెవెల్ 5 కదా" అన్న ఒక్క మాటతో ఎన్ని మంచి ప్రశ్నలు ఆగిపోయాయో నేను కళ్ళారా చూశాను.

రెండో ఉదాహరణ క్లుప్తంగా చెబుతాను. 1999 సెప్టెంబర్ 23న నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే పరిశోధక నౌక అంగారకుడికి మరీ దగ్గరగా వెళ్ళి నాశనమైంది. భూమి మీద నడిచే ఒక ప్రోగ్రాం ఆ నౌక చిన్న ఇంజన్ల బలాన్ని పౌండ్లలో లెక్కగట్టి ఇచ్చింది, దాన్ని తీసుకునే ప్రోగ్రాం న్యూటన్లనుకుంది. రెండింటికీ 4.45 రెట్లు తేడా. న్యూటన్లలోనే ఇవ్వాలని పత్రంలో స్పష్టంగా రాసి ఉంది. ఈ కథ చాలామందికి తెలుసు. తక్కువమందికి తెలిసిన సంగతి ఏమిటంటే, నావిగేషన్ టీములో కొందరికి ముందే తేడా కనిపించింది. వాళ్ళు ఆ అనుమానాన్ని మాటల్లో, మెయిల్స్‌లో చెప్పారు. అలాంటి వాటిని నమోదు చేయడానికి ఒక పద్ధతి, ఒక ఫారం ఉన్నాయి. ఆ దారిలో వెళ్ళలేదు కాబట్టి ఆ అనుమానం చివరిదాకా తేలలేదు. ఇది విని, చూశారా ప్రాసెస్ పాటించి ఉంటే సరిపోయేది అని కొందరంటారు. అది కొంతవరకే నిజం. పరిశోధక నౌక దారి తప్పుతోందని ఒక మనిషి చెబుతుంటే, ఫారం నింపలేదని ఆ మాట తేలకుండా ఉండిపోయే చోట అసలు సమస్య ఫారంలో లేదు.

నా వాదనంతా ఇదే. ఒక టీములో చెడు వార్త ఎంత త్వరగా, ఎంత భయం లేకుండా పైకి రాగలుగుతుందో, వాళ్ళ సాఫ్ట్‌వేర్ అంత బాగుంటుంది. ప్రాసెస్ ఆ దారిని తెరవగలదు, మూసేయనూగలదు. సర్టిఫికెట్ చూసి ఈ రెండింటిలో ఏది జరుగుతోందో చెప్పలేం.

తెరిచినవాళ్ళూ ఉన్నారు. అమెరికా స్పేస్ షటిల్‌ను నడిపిన సాఫ్ట్‌వేర్ టీము, అందరికంటే ముందు లెవెల్ 5 అనిపించుకున్న వాటిలో ఒకటి. 1996 నాటి లెక్క ప్రకారం సుమారు 4,20,000 లైన్ల ఆ ప్రోగ్రాంలో, అప్పటికి చివరి మూడు వెర్షన్లలో ఒక్కో దాంట్లో ఒక్కటే తప్పు దొరికింది. ఇది లెవెల్ 5 గొప్పతనం అని చెప్పేవాళ్ళుంటారు. నేను ఇంకోలా చూస్తాను. వాళ్ళు ప్రతి తప్పు చరిత్రనూ రాసి పెట్టుకునేవారు. ఎప్పుడు దొరికింది, ఎలా దొరికింది, అంతకుముందున్న జల్లెడలన్నీ దాటుకుని ఎలా వచ్చింది, అన్నీ. తప్పు దొరికితే ముందు ప్రాసెస్‌ను నిలదీసేవారు, మనిషిని కాదు. అదే రకం తప్పు ఇంకెక్కడైనా ఉందా అని మొత్తం కోడ్ వెతికేవారు. మనుషుల ప్రాణాలు ఆ కోడ్ మీద ఆధారపడి ఉన్నాయని వాళ్ళకు ప్రతిరోజూ తెలుసు. వాళ్ళు ఆ పద్ధతులను ఏళ్ళ తరబడి తమ తప్పుల నుంచే నేర్చుకుని కట్టుకున్నారు. లెవెల్ అన్న పేరు ఆ తర్వాత వచ్చింది. మనలో చాలా సంస్థలు ముందు లెవెల్ కావాలని నిర్ణయించుకుని, తర్వాత పద్ధతులను అరువు తెచ్చుకుంటాయి. ఇద్దరి దగ్గరా అదే ముద్ర ఉంటుంది.

హంఫ్రీకి కూడా ఇది అర్థమైందని నా అభిప్రాయం. సంస్థల స్థాయి లెవెల్స్‌కు పునాది వేసిన ఆయనే, తర్వాత ఏళ్ళపాటు పట్టించుకున్నది ఒక్కొక్క ఇంజనీర్ పనిని. పర్సనల్ సాఫ్ట్‌వేర్ ప్రాసెస్ అని పేరు పెట్టారు. ఇంజనీర్ తన తప్పులను తానే రాసుకోవాలి, తానే లెక్కించుకోవాలి, తానే నేర్చుకోవాలి. ఆ లెక్కలు ఇంజనీర్ సొంతం, మేనేజర్లు వాటితో ఉద్యోగుల పనితీరును తూచకూడదని ఆయన పదేపదే చెప్పారు. ఎందుకో చెప్పాల్సిన పని లేదు. తప్పుల లెక్క చూసి ఇంక్రిమెంట్ ఇస్తారని తెలిస్తే ఎవరు నిజం రాస్తారు? నేను రాయలేదు కదా ఆ రాత్రి.

ఏ సర్టిఫికెట్టూ గోడకు తగిలించకుండా నాణ్యత సాధించినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ మీ ఫోన్‌లో ఉంది, మీ బ్రౌజర్‌లోనూ ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని రాసేది కొద్దిమంది. విమానాల సాఫ్ట్‌వేర్‌కు వాడే డీఓ-178బీ ప్రమాణం నుంచి స్ఫూర్తి పొంది, టెస్టింగ్ క్రమశిక్షణను మాత్రం తీసుకున్నారు. అసలు కోడ్‌కు సుమారు 590 రెట్లు టెస్ట్ కోడ్ రాశారు. అయినా అందులో బగ్స్ దొరుకుతూనే ఉంటాయి, దొరికినప్పుడల్లా బహిరంగంగా చెబుతారు, ఆ బగ్‌కు ఒక టెస్ట్ చేరుస్తారు. అందరికీ అన్ని రెట్ల టెస్టులు అవసరమని నేను అనను. వాళ్ళు ప్రమాణంలోని సారాన్ని తీసుకున్నారు, ముద్ర కోసం ఎదురుచూడలేదు.

మరి సర్టిఫికెట్ వల్ల లాభం లేదా? ఉంది. కోడ్ వెర్షన్లు భద్రంగా ఉంటాయి. ఎవరు ఏ మార్పు ఎందుకు చేశారో తెలుస్తుంది. ఒకరు ఉద్యోగం మానేస్తే పని ఆగిపోదు. కొత్తవాళ్ళకు ఒక దారి దొరుకుతుంది. ఇవన్నీ లేని చోట మంచి సాఫ్ట్‌వేర్ రావడం కష్టం. ఇవన్నీ ఉన్నా చెడ్డ సాఫ్ట్‌వేర్ రావచ్చు. కస్టమర్‌కు కావలసింది ఏమిటో తప్పుగా అర్థం చేసుకుని, ఆ తప్పును పద్ధతిగా డిజైన్ చేసి, పద్ధతిగా టెస్ట్ చేసి, సమయానికి ఇవ్వడం పూర్తిగా సాధ్యమే. చెక్‌లిస్ట్‌లో ప్రతి గడిలోనూ టిక్ పడుతుంది.

మీలో ఆడిటర్లుంటే ఒక విన్నపం. పత్రాలు అడగండి, కానీ అక్కడితో ఆగకండి. టీములో అందరికంటే జూనియర్‌ను పక్కకు పిలిచి, "ఈ ప్రాజెక్టులో నీకు భయం కలిగించేది ఏమిటి?" అని అడగండి. ఆ రోజు మమ్మల్ని ఎవరైనా అలా అడిగి ఉంటే మేం చెప్పేసేవాళ్ళమని నేను నమ్ముతున్నాను. మేనేజర్లకు ఒక మాట: ఆడిట్‌కు ముందు వారం మీ టీము ఏం చేస్తోందో చూడండి. రోజూ చేసే పనే చేస్తుంటే మీ ప్రాసెస్ నిజమైనది. రాత్రిళ్ళు కూర్చుని పాత తేదీలతో కాగితాలు రాస్తుంటే, ఆ అబద్ధానికి బాధ్యత మీది, వాళ్ళది కాదు.

సాఫ్ట్‌వేర్ చేయించుకునేవాళ్ళకు నా అనుభవం ఒకటి చెబుతాను. ఇప్పుడు నేను కస్టమర్ వైపు కూర్చుంటున్నాను. ఈ మధ్య ఒక పనికి రెండు సంస్థలు వచ్చాయి. ఇద్దరినీ ఒకటే అడిగాను: మీ దగ్గర జరిగిన చివరి మూడు పెద్ద లోపాల గురించి చెప్పండి, వాటి తర్వాత మీరు మీ పద్ధతిలో ఏం మార్చారు? మొదటి సంస్థ వాళ్ళు సర్టిఫికెట్ కాపీ ఇచ్చి, తమ ప్రాసెస్ ప్రకారం పెద్ద లోపాలు కస్టమర్ దాకా రావని చెప్పారు. రెండో సంస్థకూ సర్టిఫికెట్ ఉంది, కానీ దాని ఊసెత్తలేదు. వాళ్ళ టీము లీడ్ లాప్‌టాప్ తెరిచి, కస్టమర్ పేర్లు కనబడకుండా జాగ్రత్తపడుతూ, ఒక్కో లోపం ఎక్కడ పుట్టిందో, ఏ రివ్యూలో తప్పించుకుందో చూపించింది. మూడోదాని దగ్గర ఆగి, "దీని అసలు కారణం మాకు ఇంకా పూర్తిగా తెలియలేదండీ, వెతుకుతున్నాం" అంది. పక్కనే ఉన్న ఆమె మేనేజర్ ఆ మాటకు అడ్డు తగల్లేదు, మొహం చిట్లించలేదు కూడా.

పని వాళ్ళకే ఇచ్చాం. ఇక మీ ప్రశ్నలు అడగండి.