చెరువు గట్టు మీది ఉద్యోగం
(ఇందుకూరుపేట మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, తల్లులకు, పరీక్షలు దగ్గరపడిన పిల్లలకు నమస్కారం.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పి రిటైరైన వాణ్ణి. ఈ ఊరికి వస్తుంటే దారి పొడవునా రొయ్యల చెరువులే. నా చూపు మాత్రం నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల మోటార్ల మీదే నిలిచింది. ఎందుకో చెబుతాను.

చెరువులోని నాచు పగలు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి తిరిగి అదే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేళకు ఏరియేటర్లు ఆగిపోతే మూడు నెలల పెట్టుబడి తెల్లారేసరికి తేలిపోతుంది. ఒక రైతుకు అలా జరగడం నేను కళ్లారా చూశాను. ఆయన మోటార్లకు సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, అంటే ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే పరికరం, లేదు. ఒక ఫేజు పోగానే వరసగా కాలిపోయాయి. బాగుచేసే మనిషి పట్నం నుంచి వచ్చేసరికి పొద్దెక్కింది. ఆ ఊళ్లోనే బీటెక్ ఎలక్ట్రికల్ చదివిన అబ్బాయిలు ముగ్గురున్నారు. ముగ్గురూ హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో ఉన్నారు.

ఆ పిల్లలను నేను తప్పుపట్టను. చెరువు గట్టు కూడా ఒక ఉద్యోగ స్థలమని వారికి మనం ఎన్నడూ చూపలేదు.

తొంభైలలో టైగర్ రొయ్యను తెల్లమచ్చ వైరస్ ఎలా తుడిచిపెట్టిందో ఇక్కడి పెద్దలకు తెలుసు. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతి వచ్చాక సాగు తీరే మారింది. విదేశాల నుంచి వచ్చే తల్లిరొయ్యలు చెన్నై క్వారంటైన్ దాటి, రొయ్యపిల్లలను పుట్టించే హ్యాచరీలకు చేరాలి. సీడుకు, అంటే ఆ రొయ్యపిల్లలకు, వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష కావాలి. నీటికి ల్యాబు కావాలి. ఇదంతా చదువుకున్న చేతులు చేయవలసిన పని. ఇంటర్ బైపీసీ అంటే డాక్టరు సీటు ఒక్కటే అనుకుంటాం. మత్స్యశాస్త్ర కళాశాల మన ముత్తుకూరులోనే ఉంది!

ముఖ్యంగా తల్లులకు ఒక మాట. రొయ్యల ఫ్యాక్టరీల్లో బల్లల ముందు గంటల తరబడి నిలబడి తలలు ఒలిచేది మీరే. అదే ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే ల్యాబు ఉంటుంది. అందులో మీ కూతుళ్లు కూర్చోవాలని నా కోరిక.

రొయ్యలొక్కటే కాదు. కృష్ణపట్నం పోర్టు, నేలటూరు థర్మల్ కేంద్రం ఉన్నాయి. పొరుగు జిల్లాలో చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఉంది. క్రేన్లు, సరుకు మోసే కన్వేయర్లు, రాయి కోసే డైమండ్ వైరు యంత్రాలు నడిపేవారు, బాగుచేసేవారు అన్నిచోట్లా కావాలి.

దారి ఏమిటంటారా? పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ లేదా ఫిట్టర్ కోర్సు, ఆపైన సంస్థలో పని నేర్చుకునే అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకొని తీరాలి, వారికి స్టైపెండ్ ఇవ్వాలి. అడిగేవాళ్లు లేకపోతే చట్టం కాగితం మీదే ఉండిపోతుంది. పాలిటెక్నిక్ చేసినవారు ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. కాబట్టి పై చదువుల తలుపు మూసుకుపోతుందని భయపడకండి.

మొదటి ఏడాది చేతికి వచ్చేది తక్కువే, దాచను. సర్టిఫికెట్ లేనివాడికి రోజుకూలి కడతారు. సర్టిఫికెట్‌తో పాటు నాలుగు రకాల కరెంటు ప్యానెళ్లు విప్పి బిగించిన అనుభవం ఉన్నవాడు తన జీతం తాను మాట్లాడుకోగలడు. నా విద్యార్థి ఒకడు ఈరోజు పది ఊళ్ల చెరువులకు జనరేటర్లు, ప్యానెళ్లు చూస్తున్నాడు. తన దగ్గర ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకున్నాడు. రాత్రి రెండింటికి ఫోను వచ్చినా లేస్తాడు, అందుకు తగ్గట్టే తీసుకుంటాడు.

నా విన్నపం ఒక్కటే. ఈ వేసవి సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లలను రెండు రోజులు నాతో పంపండి. ఒక హ్యాచరీ, ఒక నీటి పరీక్షల ల్యాబు, ఒక మోటారు వైండింగ్ షాపు చూపిస్తాను. ఆడపిల్లలను కూడా పంపండి, తోడుగా టీచరమ్మ వస్తానన్నారు. చెరువుల రైతులు, హ్యాచరీ యజమానులు ఈ సభలోనే ఉన్నారు. అయ్యా, ముందుగా ఎవరు గేటు తెరుస్తారు? చేయెత్తండి, ఇప్పుడే పేరు రాసుకుంటాను.