పేరుకు పడే మార్కులు

(పాఠశాల క్రీడల న్యాయనిర్ణేతల కోసం కడపలో చేసిన ప్రసంగ పాఠం)

వ్యాయామోపాధ్యాయ మిత్రులారా,

మన సీమ తిరునాళ్లలో బండలాగుడు పోటీ చూసే ఉంటారు. ఇచ్చిన సమయంలో ఎద్దులు బండను ఎన్ని అడుగులు లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. అవి ఎవరి ఎద్దులన్నది టేపుకు పట్టదు. అదే తిరునాళ్లలో చెక్కభజన పోటీకి కొలత మన కన్నే. ఫలానా ఊరి బృందం అనగానే, ఇంకా అడుగు పడకముందే మనసులో ఒక అంకె పడిపోతుంది. యోగాసనాలకు మార్కులు వేసే మీకు ఇది కొత్త కాదు. ఈ జబ్బుకు రకరకాల మందులు వాడి చూసిన ఆట ఫిగర్ స్కేటింగ్, అంటే బ్లేడున్న బూట్లతో మంచు మీద జారుతూ, దూకుతూ, గిరగిరా తిరిగే ఆట. మంచు లేని కడపలో దాని గురించి మాట్లాడుకోవడం అందుకే.

2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్ జంటల పోటీలో తొమ్మిది మంది జడ్జీల్లో ఐదుగురు రష్యా జంటకు, నలుగురు కెనడా జంటకు మొగ్గారు. తనపై ఒత్తిడి వచ్చిందని ఫ్రాన్స్ జడ్జి చెప్పడంతో గగ్గోలు లేచింది, కెనడా జంటకూ స్వర్ణం ఇచ్చారు. 2004లో ఆరు మార్కుల పాత పద్ధతిని పక్కన పెట్టారు.

కొత్త పద్ధతిలో పని రెండుగా చీలింది. ఏ దూకు వేశారు, గాలిలో తిరగాల్సినంత తిరిగారా అన్నది సాంకేతిక బృందం తేలుస్తుంది. ఎంత బాగా వేశారో తొమ్మిది మంది జడ్జీలు −5 నుంచి +5 దాకా చెబుతారు. ప్రతి అంశంలో ఒక పెద్ద అంకెను, ఒక చిన్న అంకెను తీసేసి మిగతా ఏడింటికి సగటు కడతారు.

లెక్క వేసి చూడండి. గాలిలో మూడు చుట్లు తిరిగే ట్రిపుల్ లుట్జ్ అనే దూకు విలువ 5.90 పాయింట్లు. పావు చుట్టు కంటే ఎక్కువ, అర చుట్టు కంటే తక్కువ తగ్గితే అందులో 80 శాతమే, అంటే 4.72. తగ్గిందని ఎవరైనా అనుమానిస్తేనే వీడియో వెనక్కి తిప్పి చూస్తారు. పేరున్న స్కేటర్ మీద ఆ అనుమానమే పుట్టకపోతే? తప్పు తప్పుగా కాగితం మీదికే రాదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం అనే మూడింటికి పదేసి మార్కుల చొప్పున వేస్తారు. మహిళల ఫ్రీ స్కేట్‌లో, అంటే పోటీలోని పొడవైన రెండో ప్రదర్శనలో, వాటి మొత్తాన్ని 2.67తో గుణిస్తారు. మూడింటిలోనూ ఒక్కో మార్కు పెరిగితే 8.01 పాయింట్లు! ఒక ట్రిపుల్ లుట్జ్ కంటే ఎక్కువ. దూకులో తప్పు జరిగితే చూపించవచ్చు, ‘నైపుణ్యం 9.00 ఎందుకు, 8.00 ఎందుకు కాదు’ అంటే వేలు పెట్టి చూపించడం కష్టం. పేరు దూరేది ఆ సందులోంచే.

పెద్ద, చిన్న అంకెలు తీసేయడం ఒక జడ్జి పక్షపాతానికి మందు. తొమ్మిది మందికీ ఒకే పేరు మీద ఒకే గురి ఉంటే ఆ మందు పనిచేయదు. పైగా, తోటివారి సగటుకు దూరంగా వేస్తే సంజాయిషీ చెప్పుకోవాలన్న భయం ఉంటే, జడ్జి ఎదుట ఉన్న ఆటను వదిలి పక్కవాళ్లు ఏమి వేస్తారో ఊహించడం మొదలుపెడతారు. అలా ఊహించడానికి తేలికైన ఆధారం పాత పేరే.

మార్కులు ఎవరు వేశారో దాచితే ఒత్తిడి తగ్గుతుందని కొన్నేళ్లు దాచారు. సొంత దేశం వారికి ఎక్కువ వేసే అలవాటు ఆ చాటున తగ్గలేదనీ, పెరిగిందనీ ఆర్థికవేత్త ఎరిక్ జిట్జెవిట్జ్ లెక్కలు చెప్పాయి. 2016లో ఆ గోప్యత ఎత్తేశారు. అది మంచి నిర్ణయమని నా గట్టి అభిప్రాయం.

ఇక మన పోటీలకు వద్దాం. బడి పేరు, పాత బహుమతులు మైకులో చదవొద్దు. ఛాతీ నంబరు చాలు. వరుస చీటీలతో తీయండి, ఎందుకంటే పేరున్నవారిని చివరికి ఉంచితే జడ్జీలు ముందువారికి మార్కులు బిగబట్టి వేస్తారు. సాధన చూడటానికి వెళ్లకండి. ఆసనంలో నిలిచిన సెకన్లు లెక్కించే మనిషి వేరు, అందానికి మార్కులు వేసే మనిషి వేరుగా ఉండాలి. ఐదుగురు జడ్జీలుంటే పైదీ కిందిదీ తీసేసి మూడింటి సగటు తీసుకోండి. మార్కు గడి పక్కన కారణానికి ఒక గడి గీయండి: ‘మోకాలు వంగింది’, ‘తూలాడు’ అని రెండు మాటలు. కారణం ముందు రాయాలి, అంకె తర్వాత. పోటీ ముగిశాక ఆ కాగితాలను జడ్జి పేరుతో సహా గోడకు అంటించండి, పిల్లలు వచ్చి చదువుకుంటారు.