మొలతాడు కింద ఎర్ర చుక్కలు

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ మేడమ్‌కు, నా బిడ్డల్లాంటి మీకు నమస్కారం. పేర్లు వరసగా చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాలు వాటికే చాలవు, మన్నించాలి. నర్సుల దినమంటే కొవ్వొత్తులు పట్టుకుని ప్రతిజ్ఞ చదవడమేనా అని మేడమ్‌ను అడిగాను. అయితే మీరే ఒక క్లాసు చెప్పండి అన్నారు. ల్యుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, అనుమానం ఉన్న బిడ్డకు నర్సింగ్ కేర్ గురించి.

ఇందులో నాకు పట్టింపు 'అనుమానం' అన్న మాట మీదే. జబ్బు తేలాక పెద్ద ఆస్పత్రులున్నాయి. తేలకముందు రెండు మూడు రోజులు బిడ్డ మన చేతిలో ఉంటాడు. చెడగొట్టేదీ అప్పుడే.

కావలి వైపు ఒక ఆస్పత్రిలో కొత్తగా చేరిన రోజులవి. ఉదయగిరి కొండల కింది ఊరినుంచి ఒకాయన ఐదేళ్ల కొడుకును భుజాన వేసుకొచ్చాడు. మూడు వారాలుగా జ్వరం. కాళ్లు నొప్పులని రాత్రిళ్లు ఏడుపు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఏదో సూది వేస్తే నాలుగు రోజులు తగ్గి మళ్లీ వచ్చిందట. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంటే? ల్యుకేమియా కణాలు కొన్నాళ్లు అణిగిపోతాయి, మూలుగ పరీక్షలో కూడా జబ్బు సరిగా దొరక్కపోవచ్చు. అందుకే ముందు ఏం వాడారో అడగండి. కసిరితే చెప్పరు, మెల్లగా అడగండి.

నేను అడగలేదు. ఓపీలో అరవై మంది నిలబడి ఉన్నారు. చీటీలో జ్వరానికి ఇంజెక్షన్ రాసుంది, తుంటి మీద వేసేశాను.

సాయంత్రం ఒళ్లు తుడవడానికి వాళ్లమ్మ నిక్కరు విప్పితే కనబడ్డాయి. నల్ల మొలతాడు ఒరుసుకున్న చోట, నడుం చుట్టూ, ఆవగింజంత ఎర్ర చుక్కలు. వేలితో నొక్కాను. మామూలు దద్దురైతే నొక్కినప్పుడు ఎరుపు పోయి మళ్లీ వస్తుంది. ఇవి కదల్లేదు. చర్మం కింద కారిన రక్తమది. తుంటి మీద నా సూది చోట నిమ్మకాయంత వాపు, నీలంగా.

నెల్లూరు నుంచి రిపోర్టు వచ్చేసరికి, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు 18 వేలు. కనీసం లక్షన్నర ఉండాలి.

కాబట్టి చుక్కలు కనబడితే, ప్లేట్‌లెట్ల కౌంట్ వచ్చేదాకా కండరానికి సూది వద్దు. డాక్టరు గారు రాసినా సరే, చుక్కలు చూపించి అడగండి. తిడితే తిట్టనీయండి. బ్రూఫెన్, ఆస్పిరిన్ వద్దు, పారాసెటమాల్ చాలు. మలద్వారంలో థర్మామీటర్ పెట్టొద్దు. పళ్లకు వేపపుల్ల వద్దని అమ్మమ్మకు చెప్పండి, మెత్తటి బ్రష్ ఇప్పించండి. రక్తం తీసిన చోట దూది ఐదు నిమిషాలు మీరే నొక్కి పట్టుకోండి. ఇక జ్వరం. ఈ పిల్లలకు ఇన్ఫెక్షన్‌తో పోరాడే మంచి కణాలు సరిపడా ఉండవు, జ్వరమొస్తే గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి పోవాలి. ఫార్మసీ తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కునే టైమ్ కాదది.

వెనక వరస, ఫోన్లు లోపల పెట్టండమ్మా. యల్లాప్రగడ సుబ్బారావు గారు ఎంతమందికి తెలుసు? నలుగురేనా! భీమవరంలో పుట్టిన మనిషి. అమెరికాలో ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చినప్పుడే పిల్లల ల్యుకేమియా మొదటిసారి, కొన్నాళ్లపాటైనా, వెనక్కి తగ్గింది. బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ దాన్ని 1948లో ప్రకటించాడు, ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు. దాని చెల్లెలు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వార్డుల్లో ఉంది. రెండు మూడేళ్లు మందులు సరిగా పడితే మంచి కేంద్రాల్లో ఇప్పుడు ఎక్కువ మంది పిల్లలు బతుకుతున్నారు. అందుకే ఆ మొదటి మూడు రోజుల మీద నాకింత పట్టుదల.

ఆ రాత్రి వాళ్లమ్మ అడిగింది, "బ్లడ్ క్యాన్సరా సిస్టరమ్మా?" అని. 'ఏమీ లేదు' అనకండి. జబ్బుకు పేరు మీరు పెట్టకండి. "రక్తం ఎందుకు తగ్గిందో చూస్తున్నారు, తెల్లారేదాకా నేనిక్కడే ఉంటా" అన్నాను. అదొక్కటి సరిగా చేశాను.

మర్నాడు మద్రాసు అడయారు క్యాన్సర్ ఆస్పత్రికి రాశారు. నాన్న చేతికి చీటీ నేనే రాసిచ్చాను, అక్షరాలు గుండ్రంగా. జ్వరం ఎంత, నాడి ఎంత, చుక్కలు ఎక్కడెక్కడ, అన్నీ ఉన్నాయి. తుంటి మీద వేసిన ఇంజెక్షన్ మాత్రం రాయలేదు.